కంప్రెసర్‌కు పదేళ్లు సరే, బోర్డుకు ఎన్నేళ్లు?

సంపాదకుల గారికి నమస్కారం.

దసరా దగ్గర పడిందంటే చాలు, పేపరు మొదటి పేజీ నిండా ఎక్స్ఛేంజ్ ఆఫర్లే. పాత ఫ్రిజ్ తెచ్చి ఇవ్వండి, కొత్తది పట్టుకెళ్లండి. పాత టీవీ ఏ కండిషన్‌లో ఉన్నా తీసుకుంటాం. అలాంటి ప్రకటన చూసే 2020 దసరాకి నేను మా ఇంట్లో నడుస్తున్న ఫ్రిజ్ ఇచ్చేశాను. ఆ తర్వాత జరిగింది నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైంది. తగ్గించి వేసుకున్నా పర్వాలేదు గానీ, ఫ్రిజ్‌లు, టీవీల లోపల ఉండే సర్క్యూట్ బోర్డుల గురించి రాసిన భాగం మాత్రం తీసేయవద్దని మనవి.

నేను రాజమహేంద్రవరంలో రేడియో, టీవీ మెకానిక్‌ని. 1979లో పదో తరగతి అయ్యాక మా మేనమామ నన్ను కోటగుమ్మం దగ్గర ఒక రేడియో షాపులో పనికి పెట్టాడు. అప్పుడు బల్ల మీదకు వచ్చేవన్నీ మర్ఫీ, ఫిలిప్స్, బుష్ వాల్వు రేడియోలు, అంటే గాజు బుడ్ల లాంటి వాల్వులతో నడిచేవి. స్విచ్ వేశాక వాల్వులు ఎర్రబడి వేడెక్కేదాకా ఆగాలి, అప్పుడు విజయవాడ స్టేషన్ మెల్లగా పైకి వచ్చేది. నాకు పని నేర్పిన గురువుగారు మొదటి ఆరు నెలలూ సీసం కరిగించి అతికే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనివ్వలేదు. రేడియో వెనక అట్ట విప్పి, లోపల అంటించిన సర్క్యూట్ కాగితం చూపించి, ఇక్కడి నుంచి ఇక్కడికి కరెంటు ఎలా వెళ్తోందో వేలు పెట్టి చెప్పమనేవారు. అది చెప్పగలిగిన రోజునే చేతికి మీటరు ఇచ్చారు.

1986లో దేవీచౌక్ వెనక సందులో సొంత షాపు పెట్టుకున్నాను. టీవీలు అప్పుడే ఊళ్లోకి వస్తున్నాయి. ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టి డాబా మీద నిలబెట్టి, బొమ్మ వచ్చిందా వచ్చిందా అని పైనుంచి అరిచే రోజులు. 1987లో క్రికెట్ ప్రపంచ కప్ మన దేశంలో జరిగినప్పుడు, మ్యాచ్ ముందు రోజు రాత్రి పన్నెండు దాటినా షాపు కట్టేసేవాణ్ణి కాదు. రిక్షాల్లో, దుప్పట్లలో చుట్టి సెట్లు తెచ్చేవారు. తెల్లారేసరికి బొమ్మ కావాలి. చాలావరకు ఇచ్చాను.

అప్పటి సెట్లు చెడిపోయేవి కావని నేను అనను. వాల్వు పోయేది, బ్యాండ్ స్విచ్ తుప్పు పట్టేది. టీవీ అయితే పిక్చర్ ట్యూబ్‌కి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ఈహెచ్‌టీ కాలిపోయేది, వేడికి అతుకు దగ్గర సీసం పగిలి కరెంటు సరిగ్గా అందని డ్రై సోల్డర్ వచ్చేది, వోల్టేజీ పెరిగితే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఎగిరిపోయేది. వర్షాకాలంలో బొమ్మ గీతలు గీతలుగా వచ్చేది. కానీ వీటిలో బాగుకానిది చాలా తక్కువ. డ్రై సోల్డర్‌కి 20 రూపాయలు తీసుకునేవాణ్ణి. కెపాసిటర్ ఉబ్బితే ఏ కంపెనీదైనా అదే వోల్టేజీ, అదే విలువ ఉన్నది పెడితే సరిపోయేది. దొరకని పార్టుకి హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి పోతే ఏదో ఒక షాపులో తీసి ఇచ్చేవారు. మరీ అరుదైనదైతే మద్రాస్ రిచీ స్ట్రీట్. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడ దిగేవాణ్ణి.

కడియం నుంచి ఒక నర్సరీ రైతు 1998లో కొన్న 21 అంగుళాల కలర్ టీవీని 2019 దాకా నా దగ్గరికే తెచ్చేవాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆరుసార్లు వచ్చింది. ఎప్పుడెప్పుడు ఏమేం మార్చానో నా పుస్తకంలో తారీఖులతో సహా ఉంది. పిక్చర్ ట్యూబ్ మాత్రం మార్చలేదు. కొత్తది కొనుక్కున్నాక కూడా ఆ సెట్‌ను పారేయలేదు, పనివాళ్ల షెడ్డులో పెట్టాడు.

ఇప్పుడు మా ఫ్రిజ్ సంగతి. 1993లో మా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది కొన్నాం, సింగిల్ డోర్, 165 లీటర్లు. ఇరవై ఏడేళ్లు నడిచింది. ఇన్నేళ్లలో తలుపు రబ్బరు రెండుసార్లు, థర్మోస్టాట్ ఒకసారి, కంప్రెసర్ పక్కన ఉండి దాన్ని స్టార్ట్ చేసే రిలే రెండుసార్లు మార్చాను. గ్యాస్ ఒకసారి నింపించాం. కరెంటు ఎక్కువ తాగేది, అది ఒప్పుకోవాలి. ఫ్రీజర్‌లో మంచు గడ్డకట్టి నెలకోసారి కరిగించాల్సి వచ్చేది. మా ఆవిడకి సుగర్ వచ్చి ఇన్సులిన్ మొదలయ్యాక, పిల్లలు కూడా కొత్తది తీసుకుందాం నాన్నా అన్నారు. షోరూం వాళ్లు పాతదానికి 1,500 కట్టారు. నడుస్తున్న ఫ్రిజ్‌ను ఆటో ట్రాలీలోకి పడుకోబెట్టి ఎక్కించారు. కంప్రెసర్ ఉన్న దాన్ని అలా పడుకోబెట్టకూడదని చెప్పబోతే, స్క్రాప్‌కే కదండీ అన్నాడు కుర్రాడు. అప్పుడైనా వెనక్కి దించేయించి ఉండాల్సింది.

కొత్తది డబుల్ డోర్, ఇన్వర్టర్ కంప్రెసర్. తలుపు మీద టెంపరేచర్ అంకెలు వెలుగుతాయి. 27,000 అయింది. ముందు తలుపు మీద బంగారు రంగు స్టిక్కర్ ఒకటి: కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ. కరెంటు బిల్లు తగ్గిన మాట నిజం. చప్పుడు కూడా లేదు.

2024 మే నెలలో, ఊళ్లో ఎండ మాడిపోతున్న వారంలో, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఫ్రిజ్ మళ్లీ మొదలవలేదు. లోపల లైటు వెలుగుతోంది, అంకెలు వెలుగుతున్నాయి, చల్లదనం లేదు. కంప్రెసర్‌కి మీటరు పెట్టి చూశాను, లోపలి మూడు తీగచుట్లూ (వైండింగులు) బాగున్నాయి. పోయింది వెనక ఉండే బోర్డు. ఇన్వర్టర్ కంప్రెసర్‌ని నేరుగా 230 వోల్టుల కరెంటుకి కలపడానికి లేదు. బోర్డు ఆ కరెంటును మార్చి ఇస్తేనే తిరుగుతుంది. అంటే బోర్డు లేకపోతే ఆ పదేళ్ల వారంటీ కంప్రెసర్ ఒక ఇనుప డబ్బా. కంపెనీకి ఫోన్ చేస్తే మా ఆవిడ ముందు అడిగింది స్టిక్కర్ గురించే. అది కంప్రెసర్‌కు మాత్రమేనండీ, మిగతా అన్నిటికీ ఒక్క ఏడాదే అన్నారు.

బోర్డు 7,200 అన్నారు. సరే పంపండి అన్నాం. వారం అన్నారు, పది రోజులు అన్నారు. నలభై రోజులు గడిచాక ఆ మోడల్ బోర్డు ఇక రావడం లేదు, ఎక్స్ఛేంజ్‌లో కొత్త ఫ్రిజ్‌కి డిస్కౌంట్ ఇస్తాం అన్నారు. కొని అప్పటికి నాలుగేళ్లు కూడా కాలేదు. ఆ నలభై రోజులూ ఇన్సులిన్ పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో ఉంది. వాళ్లు పెళ్లికి ఊరెళ్లిన నాలుగు రోజులు మాత్రం కొత్త కుండలో నీళ్లు పోసి, చిన్న స్టీలు డబ్బాలో సీసాలు పెట్టి, ఆ డబ్బా నీళ్లలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పి ఉంచాం. రాత్రి లేచి గుడ్డ తడిపేవాణ్ణి. మందు పనిచేస్తోందో లేదోనన్న టెన్షన్‌తో మా ఆవిడ రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకుని సుగర్ చూసుకునేది.

మీరు మెకానిక్కే కదా, మీరే బాగు చేసుకోలేకపోయారా అని చాలామంది అడిగారు. ప్రయత్నించాను. ఆ బోర్డు ఒక ప్లాస్టిక్ తొట్టెలో పెట్టి, పైనుంచి గట్టి రెసిన్ పోసి ఉంది. సన్నటి ఉలితో, వేడి గాలితో రెండు రాత్రులు గీకాను. పవర్ సప్లై ఐసీ (చిప్) మాడిపోయి కనిపించింది, దాన్ని మార్చాను. అయినా లేవలేదు. దాని పక్కన మెదడు లాంటి ఐసీ ఒకటి ఉంటుంది, అదీ దెబ్బతింది. ఆ ఐసీ బజారులో ఖాళీగా దొరుకుతుంది, అందులో ఉండాల్సిన ప్రోగ్రాం మాత్రం కంపెనీ దగ్గరే ఉంటుంది. నలభై అయిదేళ్లుగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న చేయి ఇది. నా ఇంట్లో, నా భార్య మందు పెట్టుకునే ఫ్రిజ్ ముందు ఏమీ చేయలేక కూర్చున్నాను.

బోర్డుకి పూత వద్దని నేను అనను. తేమ పడుతుంది, చీమలు దూరతాయి, ఏసీ ఔట్‌డోర్ యూనిట్లలో బల్లి బోర్డు మీద పడి షార్ట్ అయిన కేసులు ఏటా చూస్తాను. రక్షణ ఉండాల్సిందే. పల్చటి వార్నిష్ లాంటి పూత కూడా ఉంది. దాని మీద ఐరన్ పెడితే కరిగి దారి ఇస్తుంది, పని అయ్యాక మళ్లీ పూసుకోవచ్చు. మొత్తం బోర్డును రాయిలా గడ్డకట్టించేస్తే, లోపల పది రూపాయల రెసిస్టర్ పోయినా ఏడు వేలు కక్కాల్సిందే. వాషింగ్ మెషీన్లలోనూ ఇదే తంతు. కంపెనీ నుంచి వచ్చే కుర్రాళ్లను అనడానికి లేదు, వాళ్ల చేతిలో మీటరు కూడా ఉండడం లేదు. బోర్డు తీసి బోర్డు పెట్టడమే వాళ్లకు నేర్పిన పని.

టీవీల గురించి కూడా రెండు మాటలు. ఈ రోజు నా షాపుకి పది ఎల్ఈడీ టీవీలు వస్తే ఎక్కువ భాగం ఒకటే కంప్లయింట్: మాట వినిపిస్తుంది, బొమ్మ లేదు. చీకట్లో టార్చ్ వేసి తెర మీద చూస్తే బొమ్మ మసగ్గా కదులుతూ ఉంటుంది. అంటే వెనక దీపాలు పోయాయి. సన్నటి అల్యూమినియం పట్టీల మీద చిన్న చిన్న ఎల్ఈడీలు వరసగా కలిపి ఉంటాయి. అందులో ఒక్కటి పోయినా మొత్తం చీకటే. షోరూంలో పక్క టీవీ కన్నా తళతళలాడాలని ఆ దీపాలకి మొదటి నుంచీ ఎక్కువ కరెంటు ఇస్తారు. వేడి పోయే దారి సరిగ్గా ఉండదు. రెండు మూడేళ్లకి మాడిపోతాయి. నేను పట్టీలు మార్చినప్పుడు బోర్డులో ఒక రెసిస్టర్ కూడా మార్చి ఆ కరెంటు కొంచెం తగ్గిస్తాను. వెలుగు కాస్త తగ్గినా ఎవరికీ తేడా తెలియదు, టీవీ మాత్రం ఎక్కువ కాలం నిలుస్తుంది. మెకానిక్ దాకా రాకుండానే పాఠకులు చేసుకోగలిగినది ఒకటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాక్‌లైట్ వందలో ఉంటే యాభై, అరవైకి దించండి. ఈ ఒక్క పని ఈ రోజే చేయండి.

అయితే ఆ పట్టీలు మార్చాలంటే ముందు తెర గాజును ఎత్తి పక్కన పెట్టాలి. అది అప్పడంలా ఉంటుంది. అంచున ఉండే సన్నటి రిబ్బన్ ఒకటి చిరిగినా ప్యానెల్ పోయినట్టే. ప్యానెల్ ధర అడిగితే దాదాపు కొత్త టీవీ ధర చెబుతారు. ఎత్తేటప్పుడు ఇప్పటికి రెండు పగలగొట్టాను. ఆ రెండిటికీ నా జేబులోంచే డబ్బు కట్టాను. అందుకే ఇప్పుడు చాలామంది మెకానిక్‌లు 43 అంగుళాలు దాటితే విప్పడం మానేశారు.

ఇంకో రకం ఉంది. మొన్న ఒక రిటైర్డ్ టీచరమ్మ టీవీ చెడిపోయిందని కబురు పెట్టారు. వెళ్లి చూస్తే టీవీలో ఒక్క లోపం లేదు, ప్యానెల్ అద్దంలా ఉంది. కొని ఆరేళ్లయింది. ఆవిడ రోజూ భక్తి పాటలు చూసే యాప్ తెరుచుకోవడం లేదు, ఈ మోడల్‌కి ఇక అప్‌డేట్ లేదని చూపిస్తోంది. ఆవిడకి అది చెడిపోవడమే. యాప్‌లు నడిపే స్టిక్ ఒకటి బయటి నుంచి టీవీకి పెట్టి నడిపించాను. నేను రాకపోయి ఉంటే ఆ వారమే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసేవారు.

అలా ఇచ్చేసినవన్నీ ఎక్కడికి వెళ్తున్నాయి? పాత టీవీ పిక్చర్ ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది. ఈ-వేస్ట్ నిబంధనలు కొత్తవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. తయారు చేసినవాళ్లే ఆ చెత్త రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలని అందులో ఉంది. మంచిదే. అయితే చెత్త అయ్యాక ఏం చేయాలన్నదే కాదు, నాలుగేళ్లకే చెత్త ఎందుకవుతోందని కూడా ఎవరైనా అడగాలి కదా.

యూరప్ దేశాలు అడిగాయి. 2021 మార్చి నుంచి అక్కడ అమ్మే ఫ్రిజ్‌లకు థర్మోస్టాట్, సెన్సర్లు, ఇదే బోర్డు, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఏడేళ్లు మెకానిక్‌లకు దొరకాలి. వాషింగ్ మెషీన్ల పార్టులకైతే పదేళ్లు. ఆర్డర్ ఇచ్చిన 15 పనిదినాల్లో పార్టు చేతికి రావాలి. ఫ్రాన్స్‌లో అదే ఏడాది జనవరి నుంచి టీవీ, వాషింగ్ మెషీన్, ల్యాప్‌టాప్, ఫోన్ లాంటి వాటి మీద బాగుచేయడం ఎంత సులువో పదికి ఇన్ని మార్కులని వేసి అమ్మడం మొదలుపెట్టారు. కొనేవాడికి ముందే తెలుస్తుంది. నాకు దొరకని ఆ బోర్డు అక్కడి మెకానిక్‌కి చట్ట ప్రకారం దొరుకుతుందన్నమాట.

మన దగ్గర ఏమీ జరగలేదని కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, దానికి ఒక పోర్టల్ కూడా పెట్టారు. మా అబ్బాయి చేత తెరిపించి చూశాను. నాకు కావలసిన కంపెనీ వివరాల్లో కస్టమర్ కేర్ నంబరు, వారంటీ షరతులు కనిపించాయి. సర్క్యూట్ గానీ, పార్టు నంబరు గానీ, పార్టు ధర గానీ కనిపించలేదు. కస్టమర్ కేర్ నంబరు నాకు అప్పటికే కంఠతా వచ్చు. ఫ్రాన్స్‌లో లాగా మార్కులు వేసే పద్ధతి మీద కూడా ఇక్కడ కమిటీ వేశారు, ముందు ఫోన్లు, ట్యాబ్లెట్లకి అన్నారు. ఫోన్ కన్నా ఫ్రిజ్ ముందు రావాలని నా అభిప్రాయం. ఫోన్ ఏ రెండు మూడేళ్లకో మార్చేవాళ్లు ఉన్నారు. ఫ్రిజ్ అలా మార్చుకోగలిగిన ఇళ్లు మా సందులో లేవు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. కంప్రెసర్‌కు పదేళ్లు అని తలుపు మీద అంటించేవాళ్లు, ఆ కంప్రెసర్‌ను తిప్పే బోర్డు ఎన్నేళ్లు దొరుకుతుందో, ఎంతకి దొరుకుతుందో కూడా అదే సైజు అక్షరాల్లో పక్కనే వేయాలి. మోడల్ ఆపేసిన రోజు నుంచి పదేళ్లు బోర్డు ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ఆ బోర్డు సర్క్యూట్, అందులోని ప్రోగ్రాం బయట పెట్టాలి. తాము ఇక చేయని వస్తువుకి రహస్యం దేనికి? పార్టులు కంపెనీ సర్వీసు సెంటర్‌కే కాక మాలాంటి షాపులకి కూడా అమ్మాలి. ఒకప్పుడు రేడియో వెనక అట్ట మీద ఉచితంగా అంటించి ఇచ్చిన కాగితమే ఇప్పుడు మేం అడుగుతున్నది.

ఈ పని నేర్చుకోవడానికి నా దగ్గరికి కుర్రాడు వచ్చి ఎనిమిదేళ్లయింది. చివరివాడు రెండేళ్లు చేసి, అన్నీ బోర్డులే కదా సార్, నేర్చుకునేది ఏముంది అని చెప్పి డెలివరీ పనికి వెళ్లిపోయాడు. వాడి మాటకి నా దగ్గర జవాబు లేదు. షాపులో ఒక ట్రంకు పెట్టె నిండా 1980ల నుంచి దాచిన సర్క్యూట్ డయాగ్రాములు ఉన్నాయి. ఊళ్లో ఏ పాలిటెక్నిక్ పిల్లలైనా వచ్చి స్కాన్ చేసుకుంటానంటే ఆదివారాలు నేనే దగ్గర కూర్చుని చదివి చెబుతాను.

పాఠకులకి ఒక మాట. పండక్కి ఏదైనా కొనేముందు, పాతది ఇచ్చేముందు, షోరూంలో ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఈ మోడల్ బోర్డు అయిదేళ్ల తర్వాత దొరుకుతుందా, దొరికితే ఎంత? కాగితం మీద రాసివ్వమనండి. నేను మూడు షోరూముల్లో అడిగాను. ముగ్గురూ మేనేజర్‌ని అడగాలన్నారు, మేనేజర్లు కంపెనీని అడగాలన్నారు. ఎవరూ రాసివ్వలేదు.

చివరికి మేం తీసుకున్నది సింగిల్ డోర్ ఫ్రిజ్, లోపల గుండ్రంగా తిప్పే థర్మోస్టాట్ నాబ్ ఉన్నది. అవి ఇప్పటికీ వస్తున్నాయి, షోరూంలో వెనక వరసలో పెడతారు. తలుపు మీద అంకెలు లేవు. మంచు కరిగించే పని మళ్లీ మొదలైంది, అది ఆదివారం నేను చూసుకుంటున్నాను. ఇన్సులిన్ తలుపు అరలో ఉంటోంది. కంప్రెసర్ పక్కన ఉన్నది మామూలు రిలేనే. అలాంటివి రెండు కొని షాపు సొరుగులో వేసి ఉంచాను.

ఇట్లు,
ఒక రేడియో, టీవీ మెకానిక్,
దేవీచౌక్, రాజమహేంద్రవరం.